ఎంసీబీ పడిపోయిందా? పైకెత్తే ముందు చూడాల్సినవి, ఎత్తే పద్ధతి, ఆగిపోవాల్సిన చోటు

ఉన్నట్టుండి ఒక గదిలో లైట్లు ఆరిపోతాయి. ఫ్యాను మెల్లగా ఆగుతుంది. ఇంట్లో ఎవరో ఒకరు వెళ్లి డీబీ బాక్సు, అంటే ఇంటి కరెంటును గదులకు పంచే పెట్టె, మూత తీసి, కిందికి పడిన ఎంసీబీ మీటను టక్కున పైకి అంటారు. ఎంసీబీ అంటే కరెంటు మరీ ఎక్కువైతే తనంతట తానే లైను తెంపేసే స్విచ్. చాలాసార్లు కరెంటు వచ్చేస్తుంది, ఆ సంగతి అందరూ మర్చిపోతారు. నేనూ ఏళ్ల తరబడి అదే చేశాను.

మీట ఎత్తడం రెండు సెకన్ల పని. కానీ అది ఎందుకు పడిందో చెప్పే ఆనవాళ్లు ఎత్తగానే సగం చెరిగిపోతాయి. పడినప్పుడు ఏమేం నడుస్తున్నాయి, స్విచ్ వేసిన వెంటనే పడిందా, అరగంట నడిచాక పడిందా, పడింది ఏ మీట అన్నవి ఆ క్షణంలోనే గుర్తుంటాయి. రేపటికి ఉండవు. అందుకే ఇక్కడ ఎత్తడం గురించి తక్కువ, ఎత్తే ముందు గడపాల్సిన ఐదు నిమిషాల గురించి ఎక్కువ చెబుతాను.

ముందు ముక్కుతో, కళ్లతో

చీకటిగా ఉంటే ఫోన్ టార్చ్ వేసుకోండి. కొవ్వొత్తి వద్దు. బాక్సు దగ్గరికి వెళ్లగానే చేయి పెట్టకుండా ముందు వాసన చూడండి. కాలిన ప్లాస్టిక్ వాసన, కుళ్లిన చేప లాంటి వాసన, చిటపట చప్పుడు, బాక్సు మీద గానీ ఏదైనా సాకెట్ మీద గానీ నల్లటి మరక, మూత ముట్టుకుంటే వేడి: వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆ మీట ఎత్తకూడదు. మెయిన్ స్విచ్ దగ్గరికి ఇబ్బంది లేకుండా వెళ్లగలిగితే దాన్ని ఆపేసి ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి. మంట కనిపిస్తే నీళ్లు పోయకండి. అందరినీ బయటికి పంపి అగ్నిమాపక సిబ్బందికి ఫోన్ చేయండి.

తర్వాత నేల. బాక్సు కింద తడి ఉన్నా, పైనుంచి గోడ వెంట నీరు దిగుతున్నా దూరంగా ఉండండి. గదిలో సాకెట్ల ఎత్తు దాకా నీళ్లు నిలిచాయంటే ఆ నీళ్లలో అడుగు పెట్టి బాక్సు వరకు నడిచే ప్రయత్నమే వద్దు. బయటి నుంచి సరఫరా ఆపించాకే లోపలికి వెళ్లాలి.

మీట పడినప్పుడు ఇంట్లో ఎవరైనా కేక వేశారా? ఎవరికైనా షాక్ కొట్టిందా? మనిషి ఇంకా వైరును గానీ మెషిన్‌ను గానీ అంటుకుని ఉంటే చేత్తో లాగొద్దు, మెయిన్ ఆపండి. అది వెంటనే కుదరకపోతే పొడి కర్రతోనో ప్లాస్టిక్ కుర్చీతోనో విడదీయండి. ఊపిరి ఆడకపోతే అంబులెన్సుకు ఫోన్ చేయమని ఒకరికి చెప్పి, ఛాతీ మీద నొక్కడం మొదలుపెట్టండి. పైకి బాగానే ఉన్నట్టు కనిపించినా, గట్టి షాక్ తిన్నవాళ్లను డాక్టరుకు చూపించడం మంచిది.

ఇవేవీ లేకపోతే ఇక కంగారు పడాల్సింది లేదు. తీరిగ్గా చూద్దాం.

పడింది ఏది?

బాక్సులో ఉండే మీటలన్నీ ఒకే రకం కావు. ఇది తెలియకపోతే తర్వాత చేసేదంతా ఊహే అవుతుంది.

వరుసగా సన్నగా ఉండేవి ఎంసీబీలు. ఒక్కొక్కటీ ఒక్కో గదికో, ఒక్కో పెద్ద మెషిన్‌కో. వాటి మీద సీ16, బీ10 లాంటి గుర్తు ఉంటుంది. అందులో అంకె అది ఎన్ని ఆంపియర్లకో చెబుతుంది. వాటికంటే వెడల్పుగా, 'టీ' అనో 'టెస్ట్' అనో రాసిన చిన్న బటన్‌తో ఉండేది ఆర్సీసీబీ. పాత అలవాటు కొద్దీ చాలామంది దీన్నే ఈఎల్సీబీ అంటారు. ఇళ్లలో దాని మీద సాధారణంగా 30 మిల్లీ ఆంపియర్లు అని ఉంటుంది. కొన్ని బాక్సుల్లో రెండు పనులూ చేసే ఆర్సీబీవోలు ఉంటాయి. సన్నటిదే అయినా టెస్ట్ బటన్ కూడా ఉంటే అది ఇదే.

ఈ రెండూ కాపాడేది వేర్వేరు వాటిని. ఎంసీబీ కాపాడేది గోడలోని వైరును. వైరు మోయగలిగిన దానికంటే ఎక్కువ కరెంటు పారితే ఆపుతుంది. ఆర్సీసీబీ కాపాడేది మనిషిని. ఫేజులో (కరెంటు తెచ్చే వైరు) వెళ్లిన కరెంటు అంతా న్యూట్రల్‌లో (తిరిగి తీసుకెళ్లే వైరు) తిరిగి వచ్చిందో లేదో అది పోల్చి చూస్తూ ఉంటుంది. కొంచెం ఎటో కారిపోతోందంటే, అంటే ఎర్త్ వైరులోకో, తడి గోడలోకో, మనిషి ఒంట్లోంచి నేలలోకో పోతోందంటే, కన్ను మూసి తెరిచేలోపు పడిపోతుంది. ఆ 30 మిల్లీ ఆంపియర్లతో పోలిస్తే 16 ఆంపియర్లు ఐదు వందల రెట్లకు పైమాటే. 'ఎంసీబీలు ఉన్నాయిగా, షాక్ కొట్టదు' అనుకోవడం ఎంత పొరపాటో ఈ ఒక్క లెక్క చాలు. ఆర్సీసీబీకీ ఒక హద్దు ఉంది. ఒక చేత్తో ఫేజు, ఇంకో చేత్తో న్యూట్రల్ పట్టుకుని నేలకు ఆనకుండా ఉన్న మనిషిని అది గుర్తించలేదు. దానికి ఆ మనిషి కూడా ఒక బల్బు లాంటివాడే.

ఏ మీటా పడలేదు గానీ కరెంటు లేదా? బయట చూడండి. వీధంతా చీకటైతే మీ బాక్సులో చేసేదేమీ లేదు. మీ ఒక్క ఇంటికే లేకపోతే మీటరు దగ్గరుండే మెయిన్ చూడాలి. ఇంకో చిన్న సంగతి: కొన్ని మీటలు పడినప్పుడు పూర్తిగా కిందికి రావు, మధ్యలో ఆగుతాయి. దూరం నుంచి అన్నీ ఆన్‌లోనే ఉన్నట్టు కనిపిస్తాయి. దగ్గరగా, పక్క నుంచి చూడాలి.

ఎంత సేపటికి పడింది?

ఎలక్ట్రీషియన్ వచ్చాక అడిగే మొదటి ప్రశ్న ఇదే. సగం జవాబు అందులోనే దొరుకుతుంది కాబట్టి అడుగుతాడు.

ఎంసీబీ లోపల రెండు ఏర్పాట్లు ఉంటాయి. ఒకటి రెండు రకాల లోహాలు అతికించిన పట్టీ. కరెంటు ఎక్కువైతే అది మెల్లగా వేడెక్కి వంగి, కొక్కేన్ని తప్పిస్తుంది. రెండోది ఒక చిన్న కాయిల్. కరెంటు ఒక్కసారిగా ఎన్నో రెట్లు పెరిగితే అయస్కాంతమై తక్షణం లాగేస్తుంది. మొదటిది నిదానస్తురాలు. 16 ఆంపియర్ల ఎంసీబీలో 18 ఆంపియర్లు పారుతున్నా గంట దాకా పడకపోవచ్చు. 23 దాటిందంటే గంటలోపు పడి తీరాలి. రెండోది అలా ఆగదు. బీ రకం అయితే దాని అంకెకు 3 నుంచి 5 రెట్లు, సీ రకం అయితే 5 నుంచి 10 రెట్లు కరెంటు వస్తే చాలు, ఆ క్షణమే పడుతుంది.

కాబట్టి గడియారం చూస్తే లోపం ఏ జాతిదో తెలుస్తుంది.

అన్నీ నడుస్తూ పది నిమిషాలకో, అరగంటకో పడితే అది దాదాపుగా ఓవర్‌లోడ్. లెక్క వేసి చూడండి. 230 వోల్ట్ల సరఫరా ఉన్న చోట మెషిన్ మీద రాసిన వాట్లను 230తో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. 2000 వాట్ల గీజరు దాదాపు 8.7 ఆంపియర్లు, 1500 వాట్ల కెటిల్ 6.5, 1000 వాట్ల ఇస్త్రీ పెట్టె 4.3. ఈ మూడూ ఒకే 16 ఆంపియర్ల లైను మీద పడితే మొత్తం 19.5. పడొచ్చు, కానీ వెంటనే కాదు. 'ఇంతసేపూ బాగానే నడిచింది కదా, ఉన్నట్టుండి ఏమైంది' అనిపించేది ఇందుకే. వేడి చేసేవి, చల్లబరిచేవి, నీళ్లు తోడేవి మాత్రమే ఈ లెక్కలోకి వస్తాయి. ఎల్ఈడీ బల్బులు, ఫోన్ ఛార్జర్లు, టీవీ ఎన్ని ఉన్నా పెద్దగా లెక్కలోకి రావు. ఫ్యాన్లు ఆపేసి గీజరు వదిలేసేవాళ్లను చూస్తే నాకు నవ్వొస్తుంది.

స్విచ్ వేసిన ఆ క్షణమే, కొన్నిసార్లు 'ఠప్' మనే చప్పుడుతో పడితే అది షార్ట్ సర్క్యూట్. ఎక్కడో ఫేజూ న్యూట్రలూ నేరుగా కలిశాయి. చివరగా ఏ స్విచ్ వేశారో ఆ వస్తువు మీదే మొదటి అనుమానం.

మోటారు ఉన్న వస్తువు ఆన్ చేసినప్పుడు మాత్రమే, అదీ అప్పుడప్పుడే పడుతుంటే ఇంకో కారణం కావచ్చు. మోటారు కదలడానికి మొదటి క్షణాల్లో మామూలుగా తీసుకునే దానికి ఐదారు రెట్ల కరెంటు లాగుతుంది. అక్కడ బీ రకం ఎంసీబీ ఉంటే దాన్ని షార్ట్ అనుకుని పడిపోతుంది. సీ రకం పెట్టాలా, లేక మోటారే బిగుసుకుపోయిందా అన్నది ఎలక్ట్రీషియన్ తేల్చాలి.

లోడు ఏమీ పెరగలేదు, అయినా రోజుకోసారి పడుతోంది, పైగా ఆ ఒక్క ఎంసీబీ పక్కవాటికంటే వేడిగా ఉంది అంటే లోపల స్క్రూ వదులై ఉండే అవకాశం ఎక్కువ. వదులు కనెక్షన్ దగ్గర పుట్టే వేడికే ఆ పట్టీ వంగిపోతుంది. ఇది పైకి చిన్నదిగా కనిపించినా ఇళ్లు అంటుకునేది ఇలాంటి చోట్లే. మీరు బిగించే ప్రయత్నం చేయకండి. ఎంసీబీ ఆఫ్‌లో ఉన్నా దాని ఒక వైపు స్క్రూలో కరెంటు ఉంటూనే ఉంటుంది.

ఎంసీబీని ఎత్తే పద్ధతి

ఆ లైను మీద ఉన్న వస్తువులన్నిటినీ స్విచ్ ఆపి, ప్లగ్గులు కూడా పీకేయండి. స్విచ్ ఆపితే చాలదా అని అడుగుతారు. గోడ స్విచ్ మామూలుగా ఫేజును మాత్రమే తెంపుతుంది. వస్తువులో న్యూట్రల్ వైపు లోపం ఉంటే అది లైనుకు అంటుకునే ఉంటుంది. ఎక్స్‌టెన్షన్ బాక్సులనూ మర్చిపోవద్దు, మంచం వెనక, బల్ల కింద ఏదో ఒకటి దొరుకుతుంది.

చేతులు పొడిగా తుడుచుకోండి, కాళ్లకు పొడి చెప్పులు వేసుకోండి. బాక్సుకు ఎదురుగా మొహం పెట్టకుండా కాస్త పక్కకు నిలబడండి. ఒక చేత్తోనే మీట పట్టుకోండి, రెండో చేయి గోడకో, బాక్సు ఇనుప రేకుకో ఆనించకండి. ముందు మీటను పూర్తిగా కిందికి నొక్కండి. మధ్యలో ఆగిన మీట ఇలా కిందికి అంటేనే లోపలి కొక్కెం మళ్లీ పట్టుకుంటుంది. తర్వాత ఆగకుండా, గట్టిగా పైకి. నిలబడడం లేదంటే, ఓవర్‌లోడ్ వల్ల పడినదైతే పట్టీ ఇంకా వేడిగా ఉండి ఉంటుంది. ఐదు నిమిషాలు ఆగి ఇంకొక్కసారి ప్రయత్నించవచ్చు.

అన్నీ పీకేశాక కూడా ఎత్తిన క్షణమే పడితే అక్కడితో మీ పని అయిపోయినట్టే. లోపం వస్తువుల్లో లేదు, గోడలోని వైరులోనో, స్విచ్ బోర్డులోనో, ఆ ఎంసీబీలోనో ఉంది. దాన్ని ఆఫ్‌లోనే వదిలి మిగతా ఇల్లు నడుపుకోండి. మళ్లీ మళ్లీ ఎత్తి చూడడం వల్ల వచ్చేది ఏమీ లేదు. ఎత్తిన ప్రతిసారీ ఆ షార్ట్ మీద వందల ఆంపియర్లు పారుతాయి, లోపలి కాంటాక్టులు కాస్త కాస్త కాలుతాయి. మీటను వేలితో పట్టుకుని పడకుండా ఆపొచ్చని అనుకునేవాళ్లూ ఉన్నారు. మీట పైకి ఉన్నా లోపల తెగిపోయేలాగే వాటిని తయారు చేస్తారు.

నిలబడితే ఒక్కో వస్తువునూ ప్లగ్గు పెట్టి, స్విచ్ వేసి, ఒకట్రెండు నిమిషాలు చూసి, తర్వాతిదానికి వెళ్లండి. పడగొట్టింది దొరకగానే దాన్ని పక్కన పెట్టండి. నిజంగా అదేనా అని ఇంకో గదిలో పెట్టి చూడాలనిపిస్తుంది. వద్దు. అక్కడా అదే జరుగుతుంది, లేదా అక్కడి లైనుకు సరైన రక్షణ లేకపోతే ఇంకా చెడ్డది జరుగుతుంది.

పడింది ఆర్సీసీబీ అయితే

ఇల్లంతా ఒకేసారి చీకటై, ఎంసీబీలన్నీ పైనే ఉండి, ఆ వెడల్పు మీట ఒక్కటే కింద ఉంటే కథ వేరు. ఇక్కడ లోడు తగ్గిస్తే ఉపయోగం లేదు. కరెంటు ఎక్కడో కారుతోంది.

ఎంసీబీలన్నీ కిందికి దించండి. ఆర్సీసీబీని పైకెత్తండి. నిలబడితే ఎంసీబీలను ఒక్కొక్కటిగా, కాస్త విరామం ఇస్తూ ఎత్తండి. ఏది ఎత్తినప్పుడు ఆర్సీసీబీ పడిందో ఆ లైనులో లోపం. దాన్ని దించి ఉంచి మిగతావి ఎత్తుకోండి, ఇంటికి వెలుగు వచ్చేస్తుంది. తర్వాత ఆ లైను మీది ప్లగ్గులన్నీ పీకి, ఆ ఎంసీబీని మళ్లీ ఎత్తి, వస్తువులను ఒక్కొక్కటిగా పెట్టి చూడడమే.

ఎంసీబీలన్నీ కింద ఉన్నా ఆర్సీసీబీ నిలబడకపోవచ్చు. ఇది చాలామందిని తికమక పెడుతుంది. కారణం మళ్లీ ఆ న్యూట్రలే. చాలా ఇళ్లలో ఎంసీబీలు ఫేజును మాత్రమే తెంపుతాయి, న్యూట్రల్ వైర్లు ఆర్సీసీబీకి కలిసే ఉంటాయి. ఎక్కడైనా న్యూట్రల్, ఎర్త్‌ను తాకితే ఎంసీబీలు దించినా ఫలితం ఉండదు. అప్పుడు ఇంట్లోని ప్లగ్గులన్నీ పీకి మళ్లీ ఎత్తండి. నిలబడితే లోపం ఏదో వస్తువులో. నిలబడకపోతే వైరింగులో, లేదా ఆర్సీసీబీలోనే. అది వెతకడానికి ఇన్సులేషన్ కొలిచే మీటరు కావాలి, మీ దగ్గరున్న నియాన్ టెస్టర్ దానికి పనికిరాదు. ఈమధ్యే ఇన్వర్టర్ పెట్టించి అప్పటి నుంచి ఆర్సీసీబీ పడుతుంటే ఆ మాట తప్పకుండా చెప్పండి. ఇన్వర్టర్ న్యూట్రల్‌ను తప్పు చోట కలపడం మామూలుగా జరిగే పొరపాటు.

అనుమానించాల్సిన వరుస కూడా చెబుతాను: నీళ్లతో పనిచేసేవి ముందు. గీజరు లోపలి హీటర్ రాడ్డు తొడుగు పగిలి నీళ్లలోకి కరెంటు కారడం అన్నిటికంటే తరచుగా చూసేది. తర్వాత వాషింగ్ మెషిన్, నీళ్ల మోటారు, వాననీరు తగిలే లైట్లు. మా ఇంట్లో ఒకసారి నాలుగు రోజులు వరుసగా సాయంత్రాలు పడింది. గీజరే అని తీర్మానించుకుని దాని వైరు కూడా విప్పించాను. మళ్లీ పడింది. వాన పడిన రోజుల్లోనే పడుతోందని మా ఇంట్లోవాళ్లు గమనించారు. బాల్కనీ లైటు హోల్డరులో నీళ్లు. తేదీ, వేళ, వాతావరణం ఒక కాగితం మీద రాసుకుని ఉంటే రెండో రోజే తేలేది.

ఏ ఒక్క వస్తువూ దొరకకుండా ఎప్పుడో ఒకప్పుడు పడుతుంటే అన్నీ కలిసి పడగొడుతూ ఉండొచ్చు. కంప్యూటర్లు, ఇన్వర్టర్ ఏసీలు, ఎల్ఈడీ లైట్ల డ్రైవర్లు ఏ లోపం లేకుండానే కొద్ది కొద్దిగా ఎర్త్‌లోకి వదులుతాయి. 30 మిల్లీ ఆంపియర్లు అని రాసి ఉన్న ఆర్సీసీబీ 15 దాటాక ఎప్పుడైనా పడొచ్చు. ఇల్లంతా ఒకే ఆర్సీసీబీ మీద నడిచే చోట ఇది ఎక్కువ. లైన్లను రెండు మూడు ఆర్సీసీబీలకు పంచితే తీరుతుంది. ఊరికే పడుతోందని దాన్ని తీయించి నేరుగా కలిపించేస్తే మాత్రం స్నానాల గదిలో ఉన్న మనిషికి ఇక ఏ రక్షణా మిగలదు.

పెద్ద ఎంసీబీ పెట్టేస్తే పోతుందిగా?

ఈ సలహా ఎవరో ఒకరు ఇస్తారు. 16 తీసి 32 పెడితే నిజంగానే పడడం ఆగిపోతుంది. గోడలో వైరు మాత్రం పాతదే. వైరులో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది, అంటే కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలు. మామూలు పీవీసీ తొడుగు 70 డిగ్రీల వేడి వరకే ఓర్చుకుంటుంది. ఆ పైన మెత్తబడి, పెళుసై, చివరికి కాలుతుంది. అదంతా గోడలోపల, ఎవరికీ కనిపించకుండా. పాతకాలం ఫ్యూజులో సన్నటి తీగ బదులు లావుపాటి రాగి తీగ చుట్టేవాళ్లు గుర్తున్నారా? ఇదీ అదే. లైను నిజంగా చాలకపోతే ఆ మెషిన్‌కు వేరే లావు వైరు, దానికి తగ్గ ఎంసీబీ వేయించాలి.

ఎలక్ట్రీషియన్ వచ్చినప్పుడు

ఏ మీట పడింది, దాని మీద ఏ అంకె ఉంది, స్విచ్ వేసిన ఎంత సేపటికి పడింది, అప్పుడు ఏమేం నడుస్తున్నాయి, అన్నీ పీకేశాక నిలబడిందా: ఈ ఐదు చెబితే గంట వెతుకులాట తగ్గుతుంది. బాక్సు ఫోటో ముందే పంపినా మంచిదే. ఇన్వర్టర్ గానీ సోలార్ గానీ ఉంటే అతను మూత విప్పకముందే చెప్పండి. మెయిన్ ఆపినా ఇన్వర్టర్ లైనులో కరెంటు ఉంటుంది, ఇది తెలియక అనుభవం ఉన్నవాళ్లూ షాక్ తింటారు. ఇంట్లో ఆక్సిజన్ మెషిన్ లాంటిది వాడేవాళ్లు ఉంటే మరమ్మతు అయ్యేదాకా దాన్ని ఏ లైను మీద నడపాలో ముందే మాట్లాడుకోండి.

తీరిక ఉన్న ఒక పగలు

ఇద్దరు కలిసి చేయాల్సిన పని ఒకటుంది. ఒకరు బాక్సు దగ్గర ఒక్కో ఎంసీబీ దించుతూ ఉంటే, ఇంకొకరు ఏ గదిలో ఏది ఆగిందో అరిచి చెప్పాలి. దాన్ని కాగితం మీద రాసి మూత లోపలి వైపు అతికించండి. 'పడకగది' అని రాస్తే చాలదు, 'పడకగది ఏసీ', 'పడకగది లైట్లు, హాలు ఎడమ సాకెట్' అని రాయండి. వైర్లు గదుల హద్దులు చూసుకుని పోవు.

అదే రోజు ఆర్సీసీబీ టెస్ట్ బటన్ కూడా నొక్కండి. ముందు కంప్యూటర్లు ఆపుకోండి, ఇల్లంతా ఒక్కసారి ఆరిపోతుంది. సరఫరా ఉన్నప్పుడు నొక్కితేనే లెక్క, కరెంటు లేనప్పుడు నొక్కితే చాలావాటిలో ఏమీ కాదు. ఎన్నాళ్లకోసారి నొక్కాలో చాలావాటి మీదే రాసి ఉంటుంది, లేకపోతే మూడు నెలలకోసారి నొక్కండి. నొక్కగానే టక్కున పడాలి. కరెంటు ఉండి కూడా పడలేదంటే అది అక్కడ ఉన్నా లేనట్టే, ఆ వారమే మార్పించండి.